అమీర్‌బీ మిద్దె బరువు

ఆళ్లగడ్డలో మట్టి మిద్దెలు ఇంకా కొన్ని మిగిలాయి. వాటిలో అమీర్‌బీ మిద్దెకున్నంత మందం దేనికీ లేదు. వాన లోపలికి దిగకుండా ఆమె ప్రతి ఎండాకాలం శిరివెళ్ల వైపు నుంచి ట్రాక్టరులో చౌడుమట్టి తెప్పించి, మిద్దె మీద పరిచి, నీళ్లు చల్లి తొక్కించేది. మొగుడు చనిపోయిన ఏడాది, ఇద్దత్ నెలల్లో గడప దాటకూడదు కాబట్టి లోపల కూర్చునే పోయించింది. వీధిలో ఎవరి మిద్దె కారినా సోమరిపోతుల కొంపలని తిట్టిపోసేది.

అలాంటిది ఈసారి తొలివానకే ఆమె మిద్దె కారింది. అదీ ఎక్కడ? చిన్నకూతురు ఖుష్బూ పురిటికని సున్నం కొట్టించిన గదిలో. ఖుష్బూ నంద్యాల నుంచి వచ్చేవారం రావాలి. ఆ పాత మిద్దె కింద బిడ్డను ఎట్లా పడుకోబెడతారు, పురుడు మేమే పోసుకుంటామని అత్తగారు ఫోనులో అననే అనింది. తొలికాన్పుకు కూతురు పుట్టింటికి రాకపోతే అమీర్‌బీ వీధిలో తలెత్తుకోలేదు.

తప్పంతా నీళ్లు పోయే రేకు దోనెదేనని ఆమె తేల్చేసింది. మిద్దెలు బాగుచేసే ప్రభుదాసును పిలిపించి, కొత్త దోనె పెట్టి పైన ఇంకో ట్రాక్టరు చౌడు పొయ్యమంది. అతను పైకెక్కి ఒక మూల తవ్వి, ఎంతసేపటికీ దిగలేదు. అమీర్‌బీ కొంగు దోపుకొని నిచ్చెన ఎక్కింది.

దోనె మూతి మూరెడు మట్టి కింద ఉంది. ఏటా పైన పోయించిందే గానీ పాతది ఒక్కసారీ గీకించలేదు. నీళ్లకు దారిలేక మిద్దె మీదే నిలిచి కిందికి దిగుతున్నాయి.

"పోసింది చాలమ్మా. ఇంకో గంప పడితే దూలం నిలబడదు. ఇదంతా దించాల."

"నేను పోసిన చౌడు నా కొంపే ముంచుతాందంటావా?"

"నేననేదేముంది? ఈడ చూడు."

పొమ్మనడానికే అమీర్‌బీ నోరు తెరిచింది. వెలుతురు కోసం మిద్దెకు పెట్టిన గవాక్షంలోంచి కిందికి చూస్తే, ఖుష్బూ మంచం వేయాలనుకున్న చోట నీళ్లు మడుగు కట్టి కనిపించాయి.

"దించు. రేపనొద్దు," అంది.

కూలీలు గంపలతో దించుతుంటే ఏ పొర ఏ ఏటిదో గుర్తుపట్టాలని చూసింది. అంతా ఒకటే బూడిదరంగు మట్టి. ప్రభుదాసు దూలానికి గుంజ ఆనించి, దోనె వైపు వాలు పెట్టి, పలుచగా చౌడు పరిచాడు.

ఖుష్బూ వచ్చిన మర్నాడు వాన గట్టిగా కొట్టింది. దోనె వీధిలోకి నీళ్లు చిమ్మింది. అమీర్‌బీ మంచం కింద నేల తడిమి, పొడిగా ఉందని చూసుకొని, వియ్యపురాలికి ఫోను చేసి, పురుడు ఇక్కడేనని చెప్పి పెట్టేసింది.

వాన వెలిశాక ఎదురింటి కృష్ణమ్మ వచ్చి, దించిన చౌడులో నాలుగు గంపలు తన మిద్దెకు ఇమ్మని అడిగింది.

"ఎత్తుకుపో. ముందు నీ పాతది గీకు. ఊరికే పైన పోస్తాపోతే దోనె మూసుకుపోతాది. మీకు ఎన్నిసార్లు చెప్పాల?"

అంతకుముందు ఆమె ఎవరికీ ఒక్కసారి కూడా చెప్పలేదు. కృష్ణమ్మ గంప తెచ్చుకోవడానికి వెళ్లింది.