మూడో కొండ దగ్గర ఆగిన దర్జీ

మన దర్జీకి యాభై రెండేళ్లు. వారమంతా మిషను తొక్కే ఆ కాళ్లు ఆదివారం పొద్దున్నే నిటారు కొండల మీద పరుగు పెడతాయి. వెంట బావమరిది పోస్టుమాన్, లెక్కల టీచరమ్మ ఉంటారు. వాళ్లకో కట్టుబాటుంది. ముందు పైకి చేరినవాళ్లు అక్కడే కూర్చోకూడదు. వెనకున్నవాళ్ల దాకా దిగొచ్చి, వాళ్లతో కలిసి మళ్లీ ఎక్కాలి.

ఆ కట్టుబాటు పెట్టిందే దర్జీ. అప్పట్లో ముందుండేది ఆయనే మరి! మోకాలి ఆపరేషన్ అయ్యాక కథ తిరగబడింది. తన మూలంగా వాళ్లు ఒక్కో కొండా రెండేసిసార్లు ఎక్కుతుంటే ఆయనకు తల కొట్టేసినట్టుండేది. ఇవాళ్టితో మానేద్దామని నిశ్చయించుకునే వచ్చాడు.

మూడో కొండ సగంలో చతికిలబడ్డాడు. పైనుంచి ఇద్దరూ దిగొచ్చారు.

"నావల్ల మీకెందుకీ తిప్పలు? వచ్చే వారం నుంచి నేను రాను బామ్మర్దీ," అన్నాడు.

పోస్టుమాన్ రొప్పుతూ పక్కనే కూలబడ్డాడు. "నోర్ముయ్ బావా! నువ్వు రాకపోతే ఈవిడ నన్ను పరిగెత్తించి పరిగెత్తించి చంపుతుంది. నీకోసం దిగేటప్పుడేగా నాకు కాస్త ఊపిరి అందేది!"

"అదా సంగతి! 'పాపం మా బావ' అంటూ ఉరుకుతుంటే ప్రేమనుకున్నా," అంది టీచరమ్మ.

దర్జీకి నవ్వాగలేదు. లేచి దుమ్ము దులుపుకున్నాడు.

"అయితే నీ ప్రాణం నా చేతిలో ఉందన్నమాట. పద, మెల్లగానే ఎక్కుదాం."