అద్దంలో అత్తగారు

అది 2023. మలేషియాలో మా ఊరు సుంగై పెటానిలో మధ్యాహ్నం దాటితే చాలు వాన దంచికొట్టే రోజులు. అప్పటికి చాలా ఏళ్లుగా నేను కారు డ్రైవింగ్ నేర్పుతున్నాను. మలయ్‌లో గురువుని చిక్‌గు అంటారు. బళ్లో పాఠం చెప్పేవాళ్లకీ, నాలాగా స్టీరింగు తిప్పించేవాళ్లకీ అదే పిలుపు. నన్ను బడి టీచర్‌గా చూడాలని మా అమ్మకి ఎంతో కోరిక. ఉద్యోగం రాకపోయినా పిలుపు వచ్చింది. తిట్లలో మాత్రం ఏ బడి టీచరూ నాకు సాటిరాదు.

ఇక్కడ నేర్చుకునేవాళ్లు కుడిపక్కన కూర్చుంటారు, నేను ఎడమపక్కన. నా కాళ్ల దగ్గర కూడా ఒక బ్రేకు ఉంటుంది. దాన్ని డ్యూయల్ బ్రేక్ అంటాం. నా ఆయుష్షు ఇంతదాకా వచ్చిందంటే దాని చలవే.

ఆ రోజు నా కారు దగ్గరకి ఇద్దరు వచ్చారు. నేర్చుకునేది ఒకరే. ఆమె సంతోషి. శ్రీకాకుళం దగ్గర పల్లె నుంచి పెళ్లి చేసుకుని వచ్చిన అమ్మాయి. రెండో ఆమె అత్తగారు నరసమ్మ. ఇక్కడే రబ్బరు తోటలో పుట్టి పెరిగిన మనిషి. రూపాయంత బొట్టు, చేతిలో గొడుగు, చంకలో సంచి. నన్ను అడక్కుండానే వెనక తలుపు తీసుకుని ఎక్కి కూర్చుంది.

"అక్కా, పాఠం మీకా, మీ కోడలికా?" అన్నాను.

"దానికే. నాను ఎనకాల కూకుంటాను."

"మీరు ఇంటికెళ్లి రెస్ట్ తీసుకోండి లా. నేను జాగ్రత్తగా దింపుతాను," అన్నాను. మాట చివర 'లా' తగిలించడం ఇక్కడి అలవాటు.

"అలగెలగ? నానుంటాను," అని సంచిలోంచి దేవుడి పటం తీసి ఒళ్లో పెట్టుకుంది.

నాకు ఒళ్లు మండింది. మా వాళ్ల సంగతి నాకు తెలుసు. తాతల కాలంలో ఓడెక్కి వచ్చినవాళ్లు తెచ్చుకున్న పద్ధతులు మా ఇళ్లల్లో ఊరగాయలా ఊరుతూనే ఉన్నాయి. అక్కడ ఊళ్లో ఎప్పుడో వదిలేసినవి కూడా ఇక్కడ మేం జాడీలో దాచుకున్నాం. కోడలికి కాపలా వచ్చింది ముసలమ్మ అనుకున్నాను.

సంతోషి ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు చదివింది. ఊళ్లో ఉండగా స్కూటీ మీద టౌనుకి వెళ్లి ఉద్యోగం చేసేది. "అక్కడ నాకు ఎవరి తోడూ అక్కర్లేదు మేడమ్. విదేశం వచ్చాక గుమ్మం దాటలేకపోతున్నా," అంది మొదటి వారంలోనే, అత్తగారు నీళ్లు తాగడానికి దిగినప్పుడు. ఇక్కడొక ప్రైవేటు ఆసుపత్రి ల్యాబులో పని ఇస్తామన్నారు. పొద్దున్నే షిఫ్టు. ఆ వేళకి అటు బస్సుల్లేవు. భర్త ఫ్యాక్టరీ షిఫ్టు వేరే దిక్కు. యాప్‌లో కారు పిలిపించుకోవచ్చుగా అంటే, ముక్కూ మొహం తెలియనివాడి కారులో రోజూ ఎలా పంపుతామని ఇంట్లో ఒప్పుకోలేదు. లైసెన్సు వస్తేనే ఆ ఉద్యోగం.

పిల్ల చురుకైంది. క్లచ్ సగం వదిలి బండిని ఎత్తు మీద నిలబెట్టడాన్ని హాఫ్ క్లచ్ అంటాం. చాలామందిని ఏడిపించే ఆ పని ఆమెకి చిటికెలో వచ్చేసింది. పార్కింగ్ కూడా అంతే. ఒక్కటే రాలేదు, అద్దం చూడటం. పక్క అద్దాలు చూస్తుంది. తల మీద ఉండే రియర్ వ్యూ మిర్రర్, అంటే వెనక వచ్చేవాళ్లని చూపించే అద్దం, దాని జోలికే పోదు. కళ్లు దాని దాకా వెళ్లినట్టే వెళ్లి కిందికి వాలిపోతాయి.

"అద్దం!" అంటాను. "చూశాను మేడమ్," అంటుంది. చూడలేదు. ఒకసారి ఫ్యాక్టరీ షిఫ్టు వదిలే వేళ వెనకాల మోటారుసైకిళ్ల దండు వస్తుంటే, చూసుకోకుండా లేన్ మారింది. నేను బ్రేకు నొక్కబట్టి సరిపోయింది. ఆ పూట నేను తిట్టిన తిట్లకి వెనక సీట్లో దేవుడి పటం కూడా ఉలిక్కిపడి ఉంటుంది.

రోడ్డు పరీక్షలో అనుకున్నదే అయింది. పరీక్షాధికారి అద్దం దగ్గరే మార్కులన్నీ కోసేశాడు. సంతోషి చెట్టు కింద నిలబడి చున్నీతో కళ్లు తుడుచుకుంది. ఆసుపత్రి వాళ్లు ఆ నెలాఖరు దాకా ఆగుతామన్నారు. ఈలోగా ఇంకొక్క పరీక్షకి వెళ్లడానికే వీలుంది. అదీ పోతే ఉద్యోగం వేరేవాళ్లకి. "వదిలేయ్, ఇంట్లోనే ఉందువుగాని," అని భర్త అప్పుడే అన్నాడట.

మర్నాడు ఎలా చూడాలో చూపిద్దామని నేనే డ్రైవర్ సీట్లో కూర్చున్నాను. అద్దం ఎత్తు సర్దుకుని కళ్లెత్తేసరికి సగం అద్దం నిండా నరసమ్మ! బొట్టు, ముక్కుపుడక, నన్నే చూస్తున్న రెండు కళ్లు. నాకు లోపల ఏదో తట్టింది.

ఆమెని కారులోనే ఉండమని సంతోషిని పక్కకి తీసుకెళ్లి, టీ ఇప్పించి అడిగాను. "నిజం చెప్పు. అద్దంలో అత్తగారు కనిపిస్తున్నారనేనా?"

ఆమె కప్పు కింద పెట్టింది. "మా అమ్మ చెప్పి పంపింది మేడమ్. మలేషియా సంబంధం, పాతకాలం పద్ధతులవాళ్లు, అత్తగారి కళ్లల్లోకి సూటిగా చూడకు, పొగరు అనుకుంటారు అని. వచ్చిన రోజు నుంచీ అలాగే ఉన్నా. ఇప్పుడు చూద్దామన్నా కళ్లు వాటంతటవే దిగిపోతున్నాయి. పరీక్షలో ఆవిడ లేకపోయినా సరే."

నాకు మొదట నవ్వొచ్చింది. తర్వాత బాధేసింది. స్కూటీ మీద జాతీయ రహదారి దాటిన పిల్ల, జానెడు అద్దం ముందు ఓడిపోయింది.

ఇంక నాకు కోపం ఆగలేదు. గొడవకి సిద్ధపడే వెనక తలుపు తీశాను. "అక్కా, మీరు దిగాలి. మీ మొహం చూడ్డానికి భయపడి మీ కోడలు పరీక్ష పోగొట్టుకుంది," అని జరిగిందంతా చెప్పాను.

నరసమ్మ అరవలేదు. పటాన్ని సంచిలో పెట్టింది.

"నానెప్పుడు సెప్పినాను సూడొద్దని? ఈ గుంటకి నామీద ఇష్టం నేదనుకున్నాను చిక్‌గూ. కూడెట్టినా తలొంచుకునే తింటాది. మొకమైనా సూడదు. ఏటి తప్పు సేసినానో అని రోజూ అనుకుంటన్నాను."

"మరి కాపలాగా వెంట రావడం ఎందుకు?"

"కాపలా ఏటి? దేశం కాని దేశం వొచ్చింది. రోడ్డుమీన ఏటైనా అయితే ఆళ్లమ్మకి నానేటి సెప్తాను? అయితే మాయిద్దరికీ అవుతాది."

ఆమె గొడుగు పిడి తిప్పుకుంటూ నెమ్మదిగా అంది: "మాయత్త ముందర నానూ తలెత్తినేదు. ఆవిడ మొకం ఎలగుంటాదో సచ్చిపోయి పడుకోబెట్టినప్పుడే బాగా సూసినాను. గెడ్డం మీన సిన్న మచ్చుంది. అన్నేళ్లు ఒక్కింట్లో ఉండి నాకు తెలీదు."

సంతోషి నా వెనకే నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో తెలియదు.

"నాను దిగను," అంది నరసమ్మ. "ఒసే గుంటా, ఎక్కు. అద్దంలో నన్ను సూడు. అత్త సెప్తంది, ఇనవా?"

ఆ తర్వాత పాఠాలు నా జన్మలో మరిచిపోను. నరసమ్మని కొంచెం పక్కకి జరిపి, అద్దంలో సగం ఆమె, సగం వెనక రోడ్డు కనిపించేలా సర్దాను. మలుపు వచ్చినా, లేన్ మారినా వెనక నుంచి ఒకటే కేక: "సూసినావా?"

"చూశాను అత్తయ్యా."

"అయితే నా సేతిలో ఏటుంది, సెప్పు?"

"అరటిపండు."

"ఎనకాల?"

"ఎర్ర మోటారుసైకిల్, అత్తయ్యా."

"బోలే లా!" పర్లేదు, వచ్చేసింది అని అర్థం. ఒకసారి నాలుక బయటపెట్టి వెక్కిరించింది కూడా. సంతోషి నవ్వాపుకోలేక బండి పక్కకి తీసి ఆపింది, అదీ ఇండికేటర్ వేసి, అద్దం చూసి మరీ. నేను తిట్టడానికి ఏమీ మిగల్లేదు.

రెండో పరీక్షలో వెనక సీటు ఖాళీ. అయినా కళ్లు దిగలేదట. ప్యాసైంది. ఫలితం చెప్పగానే నరసమ్మ గేటు దగ్గరే కోడలి గడ్డం పట్టుకుని మొహం ఎత్తి, అటూ ఇటూ తిప్పి చూసుకుంది. ఇద్దరి మొహాలూ తడిసిపోయాయి. వాన ఇంకా మొదలు కాలేదు. నేను మాత్రం ఏం తక్కువ తిన్నాను? నేనూ ఏడ్చాను.

కొన్నాళ్లకి గుళ్లో పూజకి రమ్మని వాళ్లే కారులో వచ్చి నన్ను ఎక్కించుకున్నారు. ముందు సీట్లో నరసమ్మ, వెనక నేను. ల్యాబు కబుర్లు చెబుతూ సంతోషి కారు నడుపుతోంది. మలుపు దగ్గర కళ్లెత్తి అద్దంలో నన్ను చూసి నవ్వింది. నరసమ్మ తల తిప్పకుండానే, "నన్ను సూసి నేర్సుకుంది, ఇప్పుడు నిన్ను సూస్తంది," అని నాతో అంది. ఆ గొంతులో కాస్త అసూయ ఉంది. నాకది భలే నచ్చింది.

ఆడపిల్లకి స్వేచ్ఛ కావాలంటే ముందు అత్తగారిని కారులోంచి దింపాలని చాలాకాలం నమ్మినదాన్ని. దింపాల్సిన అత్తగార్లు లేకపోలేదు, వాళ్లని ఇప్పటికీ నిర్మొహమాటంగా దింపేస్తాను. కానీ ముందు ఒక్కసారి అద్దం సర్దించి, కోడలిని చూడమంటాను. వెనక ఉన్నది కాపలానో, ప్రాణం అరచేతిలో పెట్టుకుని తోడొచ్చిన మనిషో, తలొంచుకుని ఉంటే ఎప్పటికీ తెలియదు.