మొగుడు వద్దన్నాడట

వీధిలో అందరూ ఆమెను టైలరమ్మ అంటారు. స్కూలు యూనిఫారాలు కుట్టీ కుట్టీ ఇరవై ఏళ్ళయింది. ఏ పిల్లాడు ఎంత పెరిగాడో, ఏ ఇంట్లో పాత నిక్కరుకే అంచు విప్పి పొడుగు చెయ్యమంటున్నారో ఆమెకి తెలిసినంతగా వాళ్ళ మేనమామలకి కూడా తెలియదు. మునిసిపాలిటీ వాళ్ళ ప్రాణం తోడేసి మురుగుకాలవ మీద మూతలు వేయించింది కూడా ఆమే. ఈసారి ఎన్నికల్లో వార్డుకి నువ్వే నిలబడాలని స్కూలు ఆయా, ఆవిడ వెనకాల ఆడవాళ్ళందరూ పట్టుబట్టారు.

బస్సు డ్రైవరైన మొగుడు ఆమెకంటే ముందే ఎగిరి గంతేశాడు. సెలవు పెట్టి మరీ పార్టీ ఆఫీసుకి తీసుకెళ్ళి, తను బయట మెట్ల మీద కూర్చున్నాడు.

లోపల పెద్దమనిషి మర్యాదస్తుడే. కుర్చీ వేయించి, "ఎంత పెట్టుకోగలరమ్మా?" అని అడిగాడు. నామినేషనుకి కట్టే డిపాజిట్ సంగతి కాబోలనుకుంది పిచ్చితల్లి. సంచీలోంచి కవరు తీసి బల్లమీద పెట్టి, "సరిగ్గానే ఉందండీ, చూసుకోండి" అంది.

గదిలో ఎవరో కిసుక్కున నవ్వారు. పెద్దమనిషి నవ్వలేదు. ఒక్క వేలితో కవరు వెనక్కి తోసి, "ఇది ఒక్కపూట జీపులకి కూడా రాదమ్మా. కాంట్రాక్టరు గారు సీటు తనకిస్తే వార్డు ఖర్చంతా తనే పెట్టుకుంటానన్నారు" అన్నాడు. మంచినీళ్ళ గురించీ, వీధి దీపాల గురించీ వారం రోజులు బట్టీ పట్టిన మాటలు గొంతులోనే ఉండిపోయాయి. ఆమెకి తల కొట్టేసినట్టయింది.

మొగుడితో "కబురు చేస్తామన్నారు" అంది. వీధి మొదట్లో కాచుక్కూర్చున్న ఆడవాళ్ళతో మాత్రం, "మా ఆయనకి ఇష్టం లేదక్కా" అనేసింది. డబ్బు లేదంటే ఎంతని అడుగుతారు, తలా కాస్తా వేస్తామంటారు, ఆ కవరు సంగతి బయటపడుతుంది. మొగుడు వద్దన్నాడంటే ఇంకెవరూ ఆరా తీయరు. లోకం అలా తగలడింది మరి.

మూడో రోజు ఆయా అతన్ని గుమ్మంలోనే నిలదీసింది. "ఏం మరిదిగారూ, పెళ్ళాం పైకొస్తే ఓర్వలేకపోయావా?"

లోపల మిషను తొక్కుతున్న కాళ్ళు ఆగిపోయాయి. మిషను చప్పుడు ఆగిన వైపు అతను ఓసారి తిరిగి చూశాడు.

"అవును వదినా," అన్నాడతను. "నేనే వద్దన్నాను. ఇల్లు చూసుకునేవాళ్ళుండరు కదా."

ఆయా అతన్ని నాలుగు దులిపేసి కదిలింది. ఆ నాలుగూ మిషను ముందున్న తను తినాల్సిన తిట్లు. లేచి వెళ్ళి నిజం చెప్పాలి, గుమ్మం ఎంతో దూరం కూడా లేదు. సిగ్గుతో ఒళ్ళంతా చచ్చిపోయింది. ఆయా సందు మలుపు తిరిగేదాకా ఆమె లేవలేదు.