ఒకే వయల్, ఇద్దరం

మిరప కోతలు జోరుగా సాగుతున్న రోజులు. కల్లంలో కాయలు తిరగేస్తుంటే, ఎప్పుడూ మా చుట్టూ తిరిగే గోధుమరంగు కుక్క ఉన్నట్టుండి నా పిక్క పట్టుకుంది. కేక వేసేలోపే వదిలేసి చేలకు అడ్డంపడి పోయింది. రక్తం కారుతోంది. అన్నం పెట్టిన నన్నే కరిచిందన్న కోపం నొప్పిని మించిపోయింది.

మా వైపు కుక్క కరిస్తే గాయంలో కారం కూరుతారు. మా ఇంట్లో కారానికి కొదవా? మా అత్తగారు గుప్పెడు అద్ది గుడ్డ కట్టారు. ఆ మంట పగవాళ్ళకు కూడా వద్దు. తట్టుకోలేక ఆటో ఎక్కి ప్రైమరీ హెల్త్ సెంటర్‌కు వెళ్ళాను.

నర్సు గాయం చూసి, "కేటగిరీ త్రీ, రక్తం వచ్చిన కాటు. వ్యాక్సిన్ ఉంది గానీ ఒక్కరి కోసం వయల్, అదే మందు సీసా, ఓపెన్ చేయమండి, మిగతాది పారబోయాలి. ఇంకో కేసు వచ్చేదాకా ఉండండి, లేదంటే రేపు రండి" అంది. నాకు ఒళ్ళు మండింది. ఇంకొకరిని కుక్క కరవాలని దేవుడికి మొక్కుకోవాలా? ఆ మాట ఆమెతో అనేశాను కూడా.

మా ఆయనకు ఫోన్ చేసి గోడు వెళ్ళబోసుకుంటే, "ఆగవే. అది ఈరమ్మను కూడా కరిచిందంట. ఇప్పుడే తెలిసింది" అన్నాడు. ఈరమ్మ కర్నూలు వైపు నుంచి కోతలకు వచ్చిన మనిషి. కాయలు కోసే ఆడవాళ్ళందరూ చేతులకు గుడ్డలు చుట్టుకుంటారు కాబట్టి ఆమె కట్టు ఎవరి కంటా పడలేదు. బండి మీద వెంటనే తీసుకురమ్మన్నాను.

వచ్చీ రాగానే, "ఏం కాదులేమ్మా, కారం పెట్టుకుంటిని" అంది. నర్సు ఆధార్ అడిగింది. లేదు. "వేరే జిల్లా వాళ్ళకు ఇక్కడ కుదరదమ్మా, మీ ఊళ్ళో చూపించుకో." ఈరమ్మ కొంగు సర్దుకుని లేచింది. ఆ లేవడం చూసి నాకు భయమేసింది. ఇప్పుడు పోనిస్తే ఈ మనిషి ఇంకే ఆసుపత్రి గడపా తొక్కదు. చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టి, "ఈమెకు వేయకపోతే నాకూ వద్దు" అన్నాను.

గొడవ విని డాక్టరుగారు బయటికి వచ్చారు. "కుక్క ఆధార్ చూసి కరిచిందా? ఒక్కరొచ్చినా వయల్ ఓపెన్ చేయాల్సిందే" అని నర్సుతో అన్నారు. మా గాయాల్లో కారం చూసి, "మీరు మిరపకాయలు పండించండమ్మా, వైద్యం మాకు వదిలేయండి. రేబిస్ వచ్చాక చేయగలిగిందేమీ ఉండదు. రాకముందే ఆపాలి" అన్నారు. గాయాలు సబ్బుతో కడిగించి, ఇద్దరికీ ఒకే వయల్‌లోంచి వేయించారు. టీకా పనిచేసేలోపు కాపాడే ఇమ్యునోగ్లోబ్యులిన్ అనే మందు అక్కడ లేదు. సాయంత్రానికల్లా పెద్దాసుపత్రికి వెళ్ళి ఆ ఇంజెక్షన్ గాయాల్లోనే వేయించుకున్నాం. నేనే ఎక్కువ అరిచానని ఈరమ్మ ఇప్పటికీ అందరికీ చెబుతుంది.

ఆఖరి డోసు నాటికి కోతలు అయిపోయి ఆమె ఊరికి వెళ్ళిపోయింది. టీకా చీటీ చూపించి అక్కడి గవర్నమెంటు ఆసుపత్రిలో వేయించుకోమని చెప్పి పంపాను గానీ నాకు స్థిమితం లేదు. ఎవరైనా ఒక మాట అంటే మళ్ళీ లేచి వచ్చేస్తుందేమోనని దిగులు. డోసు రోజున తనే ఫోన్ చేసింది.

"పొమ్మనిరి. నేను పోలేదమ్మా. ఆడనే కూర్చుంటిని. వేసిరి."



ఇద్దరం బాగున్నాం. ఈ ఏడు కోతలకు మళ్ళీ వచ్చింది. చేలో నీళ్ళ మోటారు దగ్గర సబ్బుబిళ్ళ పెట్టింది ఆమే. కుక్క కరిస్తే కారం జోలికి పోకండి. నీళ్ళ ధార కింద సబ్బుతో పావుగంట కడిగి, వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి. ఎవరైనా పొమ్మంటే, టీకా వేసేదాకా లేవకండి.