మా అక్క మొక్కిన నా మోకాలు

తిరువళ్ళూరు ఆసుపత్రిలో నా కుడి మోకాలి చిప్ప మార్చి ఇంటికి పంపేటప్పుడు డాక్టరు ఒకటే చెప్పాడు. మళ్ళీ చూపించుకునేనాటికి కాలు వంగకపోతే మత్తు ఇచ్చి తామే వంచుతామన్నాడు. ఆ మాట విన్నప్పటినుంచి నాకు అన్నం సహించలేదు. మళ్ళీ ఆ ఆపరేషన్ బల్ల ఎక్కడం నావల్ల కాదు.

కాలు వంచడానికి రోజూ పొద్దున ఒక ఫిజియో అమ్మాయి వచ్చేది. మనిషి పిట్టంత, పట్టు ఉడుంపట్టు. "మడక్కుంగ అయ్యా, ఇంకా మడక్కుంగ" అని అరవంలో మడవమంటూ, నవ్వుతూనే వంచేది. కిరాణా కొట్లో కూర్చుని గిరాకీలను గదమాయించిన నేను వీధికంతా వినబడేలా అరిచేవాణ్ణి.

నన్ను చూసుకోవడానికి తిరుత్తణి నుంచి వచ్చిన మా అక్క ఆ అరుపులకు తట్టుకోలేకపోయేది. ఆ పిల్ల గేటు దాటగానే నా మోకాలి కింద మెత్తటి దిండు పెట్టేది.

"పాపం, ఇంతసేపూ వంచి చంపినాది. రొంత సుకంగా పెట్టుకోరా."

నేనూ హాయిగా పెట్టుకునేవాణ్ణి. పలకరించడానికి వచ్చిన చుట్టాలంతా ఆ దిండును మెచ్చుకున్నారు. కాలు కదిలించొద్దని ఒకరు, నడిస్తే లోపలి ఇనుము అరిగిపోతుందని ఒకరు. డాక్టరు తప్ప అందరూ డాక్టర్లే! నా కాలు మాత్రం చాపితే సాగక, వంచితే వంగక సగంలో బిగిసింది.

ఒకరోజు ఆ అమ్మాయి మరిచిపోయిన గొడుగు కోసం వెనక్కి వచ్చి దిండు చూసింది.

"ఐయయ్యో! నేను వంచతా ఉంటే మీరు బిగిస్తా ఉండారా? కాలు అట్లే నిలిచిపోతాది!"

అక్క మొహం పాలిపోయింది. దిండు అటకెక్కింది. మర్నాటినుంచి అక్కే నా పక్కన నిలబడి, "అరిస్తే అరుచుకో, వంచేది మాత్రం వంచు" అని తరిమింది. డాక్టరు చూసేనాటికి కాలు వంగింది. ఇక మత్తు అక్కర్లేదనగానే ఆసుపత్రిలోనే కూర్చుని ఏడ్చేశాను.

ఇంటికొచ్చాక అక్క చల్లగా చెప్పింది.

"నీ కాలు వంగితే కొండమెట్లు మోకాళ్ళ మీద ఎక్కతావని మురుగసామికి మొక్కినాను రా."

"ఎవురి మోకాళ్ళు?"

"నీవే. నీకోసరమే కదా మొక్కింది?"

అత్త సొమ్ము అల్లుడు దానం అంటే ఇదే. మా వైపు ఇది మామూలే, మొక్కేది ఒకరు, గుండు ఇంకొకరిది. కొత్త మోకాలు రాతిమెట్టుకు ఆనించడానికి వీల్లేదని ఫిజియో అమ్మాయి ఖండితంగా చెప్పేసింది.

"అట్లయితే మొక్కిన నోరు నాది, నేనే ఎక్కతాను" అని అక్క నన్ను వెంటబెట్టుకుని బయలుదేరింది.

తిరుత్తణి కొండ కింద మొదటి మెట్టు మీద మోకాళ్ళు ఆనించింది. రెండో మెట్టుకు కదల్లేదు. వెనక్కి లేవనూ లేకపోయింది. చీర కాస్త పైకి జరిగితే చూశాను, రెండు మోకాళ్ళూ వాచిపోయి ఉన్నాయి. ఇన్నాళ్ళూ ఆ కాళ్ళ మీదే నిలబడి నాకు వండిపెట్టింది.

"ఎన్నాళ్ళనుంచి అక్కా?"

"శానా దినాలుగా ఉండాది. ఆపరేషనంటే బయ్యం రా. నీది యెట్లా అయితాదో చూద్దామని ఊరికే ఉన్నాను."

కాలు వంచి, చంకల కింద చేతులు వేసి లేపాను. అక్క బరువు కొత్త మోకాలు మోసింది.

"రేపే డాక్టరు దగ్గరికి పోతాం."

"ఆ పిల్ల చేతికి నా కాలు ఇచ్చేదా? సచ్చిపోతాను!"

"అరిస్తే అరుచుకో" అన్నాను. "దిండు మాత్రం పెట్టను."