మొండయ్య ఎడమ కన్ను

సౌదీలోని జుబైల్‌లో పైపు ఫిట్టర్ మొండయ్య దేన్నైనా ఒక కన్ను మూసే చూస్తాడు. పైపు, తలుపు, రొట్టె, ఫోర్‌మన్ మీసం, ఏదైనా సరే వంకర తేల్చందే వదలడు. ఏ కన్ను మూస్తాడో మాత్రం పాతికేళ్ల పనిలో ఒక్కనాడూ గమనించుకోలేదు.

ఆ నెల ప్లాంటు ఆపి చేసే మరమ్మతులు ముగింపుకొచ్చాయి. చాలామందికి ఇక తిరిగి రాకుండా ఫైనల్ ఎగ్జిట్ వీసా కొట్టి ఇళ్లకు పంపేస్తున్నారు. కొత్త హెల్మెట్ వాడటం వచ్చినవాళ్లనే కంపెనీ ఉంచుకుంటుందట. ఆ హెల్మెట్‌కు కంటి ముందు గోరంత తెర ఉంటుంది. ఆఫీసులో చల్లగా కూర్చున్న ఇంజనీరు ఏ వాల్వు తిప్పాలో అందులో చూపిస్తాడు. ఊళ్లో మొండయ్య ఇల్లు స్లాబు దాకా వచ్చి ఆగిపోయింది. అతను ఇంకో రెండేళ్లు ఇక్కడ ఉండి తీరాలి.

నేర్పడానికి వచ్చిన హైదరాబాదు వాజిద్, ముందు రెండు కళ్లలో పెత్తనం దేనిదో తేల్చాలన్నాడు.

"చేతులు సాపి మధ్యల చిన్న సందు చెయ్యన్నా. సందులకెల్లి ఆ ట్యాంకు మీది నంబరు చూడు. ఇగ ఒక్కో కన్ను మూయి. ఏ కంటికి నంబరు సందులనే ఉంటదో, తెర దాని ముంగట పెట్టాలె."

ఎడమ కన్ను మూస్తే నంబరు మాయం. కుడి కన్ను మూస్తే ఉన్నచోటే ఉంది. అంటే పెత్తనం ఎడమ కంటిది. మొండయ్యకు తల కొట్టేసినట్టయింది. మగవాడికి ఎడమ కన్ను అదిరితే కీడు అని భార్య పోచవ్వ ఫోన్లో ఎప్పుడూ చెప్పే శాస్త్రం. పైగా వెనక నుంచి ఎవరో "ఎడమైతే ఆడోళ్ల కన్ను" అని నవ్వుతున్నారు.

"కుడి," అన్నాడు ఠీవిగా.

తెర కుడివైపు బిగించారు. పరీక్షలో అక్షరాలు ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చున్నాయి. గింజ వెతికే కోడిలా మెడ అటూ ఇటూ తిప్పి, చివరికి పక్క వాల్వు మీద చెయ్యేశాడు. చెవిలో ఇంజనీరు అరిచాడు. అది ఖాళీ పైపు కాబట్టి సరిపోయింది, లేకపోతే పక్కవాళ్ల ఒళ్లు కాలేది.

"నీ పేరు ఎగ్జిట్‌ల రాయాల్నా అన్నా?" అన్నాడు వాజిద్.

"వద్దు తమ్మీ. నాది ఎడమ కన్ను. అబద్ధం చెప్పిన."

"గంతేనా? నాది గూడ ఎడమనే," అంటూ వాజిద్ తెరను అటు మార్చి బిగించాడు. అక్షరాలు బుద్ధిగా వరసలో నిలబడ్డాయి. మొండయ్య సరైన వాల్వు తిప్పాడు. ఉద్యోగం నిలిచింది.

సాయంత్రం వీడియో కాల్‌లో ఈ సంగతి వినగానే పోచవ్వ పగలబడి నవ్వింది.

"ఎడమ కన్నని నాకెప్పుడో ఎరుక. పెండ్లిచూపులల్ల కుడి కన్ను మూసి నాకు కన్ను కొట్టినవు గదా. గా ధైర్యం చూసే ఒప్పుకున్న. లేకుంటే నీ మొఖానికి ఎవరొస్తరు?"

ఆ రోజు మొండయ్య ఒక కన్ను మూసి చూసింది పోచవ్వను కాదు, ఆమె వెనకున్న దర్వాజాను. దాని చౌకట్టు వంకరగా ఉండింది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. కానీ పొద్దున్నే ఒక నిజం చెప్పి ఉన్నాడు, రోజుకు అంతకంటే ఎక్కువ ఒంటికి పడదు.

"నీకే కొట్టిన," అని మళ్లీ కుడి కన్ను మూశాడు. ఈసారి ఆమె వెనక ఏముందో చూడలేదు.