నక్షత్రం గుర్తున్న అంకె

2006 వేసవిలో పక్షవాతం వచ్చినప్పుడు మా తమ్ముడికి ఎడమచేయి మాత్రమే పట్టు తప్పింది. నడవగలిగేవాడు. షుగరు ఉన్నవాడని కర్నూలులో ఒక ఆసుపత్రిలో చేర్చుకుని, రక్తంలో వాపు సూచించే సీఆర్పీ పరీక్ష రాశారు. సాయంత్రం ల్యాబు నుంచి రిపోర్టు తెచ్చింది నేనే. షుగరు అంకె ఎప్పటిలాగే, వాడి షుగరు లెక్కలు రాసే నా డైరీలో ఎక్కించాను. సీఆర్పీ అంకె పక్కన నక్షత్రం గుర్తు ఉంది. అదేమిటో అడగకుండా, కాగితం నలగకూడదని డైరీలో పెట్టుకుని, పొద్దున డాక్టరు రౌండుకు వచ్చినప్పుడు చూపిద్దామనుకున్నాను.

తెల్లారేసరికి ఎడమకాలు కూడా పడిపోయింది, మూతి వంకరపోయింది.

"నక్షత్రం పెట్టారంటే ఉండాల్సిన దానికంటే ఎక్కువుందని. షుగరున్నోళ్లకి ఇది పెరిగిందంటే, మొదటి రోజుల్లోనే జబ్బు ముదిరే భయం ఎక్కువ సార్. నిన్ననే చూపియ్యాల్సింది" అన్నారు డాక్టరు, రౌండులో రిపోర్టు చూసి.

"చూపించి ఉంటే కాలు నిలిచేదా?"

"చెప్పలేం. ఇంకా దగ్గరుండి చూసుకునేవాళ్లం."

తమ్ముడు వంకరపోయిన మూతితోనే అన్నాడు. "ఏమన్నా, నా కాలు గూడా రాసుకుంటివా డైరీలో? శానా బాగా రాస్తాండావులే."

నిలిచేదన్నా, నిలిచేది కాదన్నా ఏదో ఒకటి రాసుకుని ఊరుకునేవాణ్ణి. ఆ "చెప్పలేం" అన్న మాటతో ఏం చేయాలో నాకిప్పటికీ తెలియదు.